మా యిల్లాలికి నేను కుట్టిన వేషము



నేను 34 ఏండ్లు బడిపంతులుగా తెలుగు, సంస్కృతము బోధించి ఉద్యోగవిరమణ చేసినవాడను. రేడియోవారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు ఏ ప్రబంధమును గూర్చియో, ఏ ఛందస్సును గూర్చియో చెప్పుదునని తలచియుందురు. నేడు నేను చెప్పబోవునది కుట్టుపనిని గూర్చి. అందును, ఒక వైజ్ఞానికకల్పనా చలనచిత్రములోని వేషమును నా భార్యకొరకు నేనే స్వయముగా కుట్టిన విధమును గూర్చి. నవ్వువారు నవ్వవచ్చును. మా యూరిలో ఈ సంగతి విన్నవారందరును మొదట నవ్విరి. పిమ్మట చలికాలము రాగానే కొందరు వచ్చి కొలతలడిగిరి.

శాస్త్రజ్ఞులింకను సాధింపని దానిని సాధించినట్లు ఊహించి అల్లిన కథకు వైజ్ఞానికకల్పన యని పేరు. సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ మీలో పెక్కురు చూచియే యుందురు. అందలి నాయకుడు కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కొలువునకును, రాబోవు శతాబ్దములకును పోయివచ్చును. అట్టివానిలో లోకమంతట ప్రసిద్ధి కెక్కినది 1977లో అమెరికావాడగు జార్జి లూకాస్ తీసిన ‘స్టార్ వార్స్’. నక్షత్రమండలముల నడుమ జరుగు యుద్ధము అందలి కథ. దానిలో జెడైలను ఒక వర్గమువారు గలరు. వారు సగము తాపసులు, సగము యోధులు. మనకు ద్రోణాచార్యుడు తెలియును గనుక ఈ కలయిక మనకు వింతగాదు. వారి చేతిలో వెలుగుతో చేసిన కత్తి, ఒంటిమీద నేలజీరాడు గోధుమవన్నె పైవస్త్రము, దానికి తలముసుగు, మోకాళ్లదాక వ్రేలాడు వెడల్పైన చేతులు. ఈ పైవస్త్రమే నేటి మన విషయము.

ఆ చిత్రమునకు దుస్తులు కల్పించినవాడు జాన్ మోలో అను ఆంగ్లేయుడు. సైనికుల దుస్తుల చరిత్రనుగూర్చి గ్రంథములు వ్రాసిన పండితుడు. ఆ పనికి ఆయనకు ఆస్కారు బహుమతి వచ్చినది. 1982లో వచ్చిన ‘గాంధీ’ చిత్రమునకు దుస్తులు సమకూర్చినవారిలోను ఆయన యొకడు. దానికి మరల ఆస్కారు వచ్చినప్పుడు ఆయనతోకూడ దానిని పంచుకొన్నది కొల్హాపురములో పుట్టిన భానూ అథైయాగారు. భారతీయులలో ఆస్కారు నందిన మొదటి వ్యక్తి యామెయే. నక్షత్రలోకపు యోధునికిని, కొల్లాయి గట్టిన మన మహాత్మునికిని బట్టలు చూచినవాడు ఒక్కడే యని తెలిసినప్పుడు నాకీ పనిమీద గౌరవము కలిగెను. అంతకుముందు లేదని ఒప్పుకొందును.

ఇక సంగతిలోనికి వత్తును. మా యమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో నుందురు. మేమిరువురము ఆరునెలలుండుటకు వారి యింటికి పోయితిమి. అక్టోబరు 31వ తేదీ సాయంకాలము ఆ దేశమున ‘హాలోవీన్’ అను పండుగ. పిల్లలు వేషములు వేసికొని ఇంటింటికి పోయి మిఠాయి అడుగుదురు. పూర్వము మన బడిపంతుళ్లు దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని గిలకలతో, పువ్వులతో ఇల్లిల్లు తిరిగి పప్పుబెల్లములు పెట్టించెడివారు గదా, ఇంచుమించు అట్టిదే. అయితే అక్కడ పంతులుండడు.

మా మనుమనికి పదియేండ్లు. ఇంటిల్లిపాదియు ‘స్టార్ వార్స్’ వేషములు వేయవలెనని వాడు పట్టుపట్టెను. అమ్మమ్మకు లియా యువరాణి వేషమని నిర్ణయించెను. ఆ యువరాణిది మెడనుండి పాదములదాక నిలువెల్ల తెల్లనిబట్ట. మా యిల్లాలు ఆ బొమ్మను చూచి, “మీ తాతయ్య ఎదురుగా కూర్చుని ఉండగా నాకు తెల్లబట్టలేమిటిరా, నాయనా?” అనెను. వానికి అర్థము కాలేదు. మా యమ్మాయికి అయినది. ఆమె వెంటనే ఆ బొమ్మను తీసివేసెను.

అంతట మనుమడు ఆలోచించి, 2002లో వచ్చిన చిత్రములో ఒక ముదుసలి జెడై గలదనియు, ఆమె గ్రంథాలయాధికారిణి యనియు, నెరసిన జుట్టు ముడివేసికొని యుండుననియు చెప్పెను. ఇది మా యింటిదానికి నచ్చినది. ముడి ఎట్లును ఉన్నది. గోధుమవన్నె పైవస్త్ర మొక్కటి చాలును. “ఇదీ సన్న్యాసుల రంగే కాదుటండీ?” అని నావైపు చూచెను. కాషాయము వేరు, కపిలవర్ణము వేరు అని నేను తీర్పు చెప్పితిని. ఇంట పండితుడున్నందుకు ఆ మాత్రము ప్రయోజన ముండవలెను గదా!

మా యల్లుడు అంగడినుండి ఒక సిద్ధవేషమును తెప్పించెను. అది ఆరడుగుల మనిషికి చేసినది. పలుచని కృత్రిమపు నూలుబట్ట, ఒంటికి చిటచిటలాడుచు అంటుకొనును, చలి నాపదు. మా యిల్లాలు దానిని చేతబట్టగానే తిరగవేసి లోపలివైపు చూచెను. లోపలి కుట్టు చూడనిదే ఏ బట్టను ఆమె మెచ్చుకొనదు. చూచి మడచి పెట్టి, “నా చేతులు బాగుంటే మూడు రోజుల్లో కుట్టేదాన్ని” అనెను.

ఆ మాటను గూర్చి మీకు చెప్పవలెను. నేను ఉద్యోగము చేసిన ఏండ్లన్నియు తొడిగిన లాల్చీలు ఆమె కుట్టినవే. మా పిల్లల గౌనులు, ఇరుగుపొరుగువారి రవికలు, బడి నాటకములకు రాజుల అంగీలు ఆమె కాలిమిషనుమీదనే తయారైనవి. ఏడేండ్ల క్రిందట ఆమెకు కీళ్లవాతము వచ్చినది. ఈ జబ్బు రెండు చేతుల చిన్న కీళ్లను మొదట పట్టును. ఉదయము లేవగానే వేళ్లు కొయ్యబారి, గంటసేపటికిగాని కదలవు. మందులతో నొప్పి తగ్గినది గాని అప్పటికే వంగిన వేళ్లు వంగియే యున్నవి. ఆనాటినుండి మిషనుమీద పాత పత్రికలు పేర్చియున్నవి. నలుగురిలో కూర్చున్నప్పుడు ఆమె చేతులను పమిటచెంగు క్రింద పెట్టుకొనును. ఛాయాచిత్రము తీయుదుమన్నచో వంటయింటిలోనికి పోవును. ఇది నేను చూచుచునే యుంటిని. ఒక్కనాడును మాటలాడలేదు. ఏమని మాటలాడుట?

“నేను కుట్టెదను. నీవు చెప్పుము” అంటిని.

“మీరా? సూదిలో దారం ఎక్కించడం వచ్చా మీకు?”

రాదు. అమరకోశములో కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అను పేరులున్నవని పిల్లలచేత వందలసార్లు వల్లెవేయించితినేగాని, సూచి నెన్నడును చేతబట్టలేదు. అదే కోశములో నీశారమను మాట యున్నది. చలిని, గాలిని వారించుటకై పైన కప్పుకొనునది యని దాని యర్థము. ఆ జెడై పైవస్త్రమునకు నీశారమను పేరు పెట్టితిని. పని నేర్వకముందే పేరు పెట్టుట మా పండితుల అలవాటు.

ఇట్టి పని పిచ్చివారిదని మీకు తోచవచ్చును. 1939 జులైలో న్యూయార్కు నగరమున వైజ్ఞానికకల్పనా ప్రియుల మొదటి ప్రపంచసభ జరిగినది. ఆ సభకు ఫారెస్ట్ అకర్మాన్ అను యువకుడును, మిర్టిల్ డగ్లస్ అను స్త్రీయు రాబోవు యుగపు మనుష్యుల వేషములతో వచ్చిరి. 1936లో వచ్చిన ‘థింగ్స్ టు కమ్’ అను చలనచిత్రమునందలి దుస్తులును, ఫ్రాంక్ పాల్ అను చిత్రకారుని బొమ్మలును వానికి మూలము. రెండును మిర్టిల్ డగ్లస్ కుట్టినవే. వారు భార్యాభర్తలు కారు, స్నేహితులు. మరుసటి యేడు షికాగో సభలో అట్టి వేషములు మరికొన్ని వచ్చినవి. నేడు లోకమంతట వేలకొలది జనులు ఇట్లు చేయుచున్నారు. చరిత్రలలో వేషము వేసిన అకర్మాన్ పేరే చాలకాలము ముందు చెప్పుచుండిరి. కుట్టిన చేతుల మాట తరువాత వచ్చినది. ఇది చదివినప్పుడు నాకు నా లాల్చీలు జ్ఞాపకమునకు వచ్చినవి.

ఇప్పుడు పనిని వివరించెదను. చలిప్రదేశములనుండి వచ్చు కొడుకులకో, పొలముకాపు వెళ్లు మీకో ఇట్టిది ఉపయోగపడవచ్చును.

ఈ నీశారము చూచుటకు గంభీరముగ నుండునేగాని, కోత చాల ప్రాచీనమైనది. లూకాస్ జపానుదేశపు కురొసావా చిత్రములను, ముఖ్యముగా 1958 నాటి ‘హిడెన్ ఫోర్ట్రెస్’ను చూచి ప్రేరణ పొందినవాడు. జెడైల లోపలి అంగీ ఒకవైపునుండి మరియొకవైపునకు మడచికట్టు జపాను కిమోనోను పోలియుండును. కిమోనోలో గుండ్రని కోతలు మిక్కిలి తక్కువ. మగ్గమునుండి వచ్చిన బట్టను తిన్నగా కోసి తిన్నగా కుట్టుదురు. నక్షత్రములకు పోవు మనుష్యుడు తొడిగినది, నేతగాడు మగ్గము దింపిన గుడ్డకు అతి సమీపమైన దుస్తు. నావంటి అభ్యాసికి ఇది గొప్ప అదృష్టము.

అక్కడ ఉన్నిబట్ట 60 అంగుళముల పన్నాతో గజములలెక్కన అమ్ముదురు. నాలుగు గజములు, అనగా 144 అంగుళములు, కొంటిమి. ఉన్ని తడికి, వేడికి కుంచించుకొనును. కనుక కోయుటకు ముందే తడిగుడ్డ పరచి ఇస్త్రీ చేసి, ముడుచుకొనునంత ముడుచుకొననీయవలెను. లేనిచో కుట్టిన తరువాత ముడుచుకొని మనలను అల్లరిపెట్టును. ఈ పనికే ఒక పూట పట్టినది.

కొలతలు ఆమెయే చెప్పినది, నేను టేపు పట్టితిని. భుజమునుండి చీలమండదాక 50 అంగుళములు. ముందు 50, వెనుక 50, అంచుమడతకు మరి నాలుగు చేర్చి 104 అంగుళముల గుడ్డను ఒకే ముక్కగా భుజములమీద మడచుట. అట్లయిన భుజమున కుట్టే యుండదు. ఒంటికి 30 అంగుళముల వెడల్పు. పన్నాలో మిగిలిన 30లో రెండు చేతులును, తలముసుగు ముక్కలును వచ్చును. ఈ లెక్క ఆమె కాగితము లేకుండనే చెప్పినది. నేను కాగితముమీద వేసి సరిచూచుటకు అరగంట పట్టినది, సరిపోయినది.

చేతులు 24 అంగుళముల పొడవని నేను వ్రాసితిని. ఆమె కొంచెమాగి, “ఇంకో రెండంగుళాలు పెట్టండి” అనెను. ఒంటి వెడల్పుతో కలిపి అప్పటికే అవి వ్రేళ్లను దాటి చాలదూరము పోవును. ఎందుకని నేనడుగలేదు. 26 అని దిద్దితిని.

కోతలో ఒక ప్రమాదము జరిగినది, దాచను. మడచిన గుడ్డలో ముందుభాగమును మాత్రము మెడనుండి క్రిందికి నిలువున చీల్చవలెను. నేను బల్లమీద పరచి, కత్తెర పెట్టి, ఉత్సాహముతో ఒక మూరెడు పోనిచ్చితిని. “ఆగండి!” అను కేక వినబడెను. ముందుతోపాటు వెనుకభాగమును కూడ కోసియుంటిని. పదునైదు అంగుళముల ఉన్ని నిలువున రెండైనది. పరీక్షలో తప్పువ్రాసిన పిల్లవాడు మాస్టరుముందు నిలిచినట్లు నిలిచితిని. ఎన్ని వీపులమీద బెత్తము ఆడించితినో అప్పుడు తలపునకు వచ్చినది.

ఆమె కోపపడలేదు. కత్తెర క్రింద పెట్టించి, “వెనక పూర్తిగా కిందిదాకా కొయ్యండి. నడుమ కుట్టు వేద్దాం. పెద్ద దర్జీలు కావాలనే వేస్తారు” అనెను. ఆ కుట్టువలన వెడల్పులో ఒక అంగుళము తగ్గెను. దానికిని ఉపాయము చెప్పినది. మిగిలిన గుడ్డలో 12 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల పొడవు గల రెండు ముక్కలు తీసి, వానిని మూలనుండి మూలకు కోసినచో నాలుగు త్రికోణములు వచ్చును. వానిని రెండు ప్రక్కలను చంకక్రిందినుండి దిగువకు చేర్చినచో క్రిందిఘేరు పెరుగును. ఇవి ఎట్లును కావలసినవే. ఏలననగా ఆమె లోపల తొడుగబోవునది జపాను అంగీ గాదు, మంగళగిరి చీర. కుచ్చిళ్లకు చోటుండవలెను గదా! మనుమడు దీనికి మొదట అభ్యంతరము చెప్పెను. ఏదో ఒక నక్షత్రమున చీరలుండవచ్చునని మా యమ్మాయి వానిని సమాధానపరచెను.

కుట్టుమిషను మా యమ్మాయి స్నేహితురాలిది, విద్యుత్తుతో నడుచునది. మనము చేతితో కుట్టు సూదికి బెజ్జము వెనుక నుండును. మిషను సూదికి మొనదగ్గర నుండును. ఆ యంత్రపు రహస్యమంతయు ఇందే యున్నది. సూది గుడ్డను గ్రుచ్చి క్రిందికి పోయి పైదారమును చిన్న ఉచ్చుగా విడుచును. క్రిందనున్న కొక్కెము ఆ యుచ్చును పట్టి బాబిను దారము చుట్టును త్రిప్పును. సూది పైకి లేచునప్పుడు రెండు దారములును గుడ్డనడుమ పెనవైచుకొనును. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లో దీనికి హక్కుపత్రము పొందెను. మందమైన ఉన్నికి లావుసూది, అనగా 16వ సంఖ్య, పెట్టి, కుట్టును కొంచెము దూరముగా వేయవలెను. సన్నసూది పెట్టితినా విరిగినది. రెండు విరిచినతరువాత ఈ సూత్రము నాకు కంఠస్థమైనది.

ప్రతి కుట్టునకు ఇరువైపుల అరంగుళము లోపలికి పోవును. ఇది నాకు మొదట మనసున పట్టలేదు. “రెండు మాటలు సంధి కలిస్తే ఒక అక్షరం పోతుందని పిల్లలకు చెప్పేవారుగా? ఇక్కడా అంతే” అని ఆమె అనెను. వంటయింటిలోనుండి నా పాఠములన్నియు ఆమె వినుచుండినదని నాకు ఆనాడు తెలిసినది. ఆ పిమ్మట ఒక్క ముక్కయు పొట్టిగా కోయలేదు.

తలముసుగుతో మూడు సాయంకాలములు పోయినవి. రెండు ముక్కలను వెనుక వంపుగా కలిపి, మెడవంపునకు అతుకవలెను. తిన్నని కుట్టు ఎవ్వడైన వేయగలడు, వంపులోనే మనిషి తెలియును. మొదట కచ్చాకుట్టు వేసి, ఆమె తలమీద పెట్టి చూచి, విప్పి, మరల వేసితిని. ముసుగు కండ్లమీదకు జారుచుండెను. ముడికి చోటు విడువనందున అట్లు జరుగుచున్నదని ఆమె అద్దములో చూచి కనిపెట్టినది. రెండంగుళములు వెనుకకు విడిచితిమి. ఆ రాత్రులలో ఆమె కుర్చీలో, నేను మిషను దగ్గర కూర్చుండి మాటలాడుకొన్నంత ఇటీవలి యేండ్లలో మాటలాడుకొని యుండలేదు. మాటలన్నియు గుడ్డను గూర్చియే.

ఇంకొక ముచ్చట. 1977 చిత్రములో ఆలెక్ గినెస్ అను నటుడు తొడిగిన అసలు పైవస్త్రము లండనులో దుస్తులద్దెకిచ్చు ఒక సంస్థలో పాతబట్టలతో కలిసిపోయి, ఎవరెవరికో అద్దెకు పోవుచుండెనట. గుర్తుపట్టిన పిమ్మట 2007లో వేలము వేయగా 54,000 పౌనులు పలికినది. సురభివారి పెట్టెలలో ఏయే మహానటుల అంగీలు అట్లు మాసిపోయినవో ఎవరికెరుక!

తొమ్మిది దినములకు పని ముగిసినది. తుదకు తడిగుడ్డ వేసి ప్రతి కుట్టును విప్పదీసి ఇస్త్రీ చేయవలెను. ఇది మానినచో ఎంత మంచి కుట్టయినను పిల్లవాని పనివలె నుండునని ఆమె చెప్పినది. ఆమె దానిని తిరగవేసి లోపలివైపంతయు చూచెను. ఎడమచంక దగ్గర ఒకచోట వ్రేలు పెట్టి, “ఇది వంకర” అనెను. మిగిలినదానిని గూర్చి ఏమియు అనలేదు. విప్పి కుట్టుదునా యని యడుగగా, “ఉండనివ్వండి” అనెను.

31వ తేదీ చీకటి పడుచుండగా ఆమె ముసుగు వేసికొని వాకిట కుర్చీలో కూర్చుండెను. చేతులు చేతులలో దాగియున్నవి. అల్లుడు ఛాయాచిత్రములు తీసెను. ఆమె వంటయింటిలోనికి పోలేదు. పిల్లలు రాసాగిరి. మిఠాయి పళ్లెము ఆమె యొడిలో నున్నది. మొదటి పిల్లవానికి ఇయ్యబోగా పొడవాటి చేయి పళ్లెములోబడి నాలుగు చాక్లెట్లను క్రిందికి ఊడ్చెను. రెండవవానికిని అట్లే యయ్యెను. మూడవది ఒక చిన్నపిల్ల, సీతాకోకచిలుక వేషము, దోసిలి పట్టి నిలువబడియున్నది. మా యిల్లాలు ఒకసారి నావైపు చూచెను. పిమ్మట చేతిని కుర్చీకోడుకు రాచి మోచేతిదాక వెనుకకు తోసి, వంగిన వ్రేళ్లతోనే చాక్లెట్టు తీసి ఆ దోసిటిలో పెట్టెను. ఆ పిల్ల చూచినది చాక్లెట్టునే.

వీధిలో ఇంకను పిల్లలు వచ్చుచుండిరి. “ఏమండీ, గుండుసూదులు పట్టుకురండి. ఈ చేతులు ఆరంగుళాలు లోపలికి మడవాలి” అని ఆమె పిలిచెను. వాకిటి దీపము క్రింద మోకాళ్లమీద కూర్చుండి రెండు చేతులకును గుండుసూదులు గ్రుచ్చితిని. ఆ రాత్రి అందరు నిద్రించిన తరువాత వానిని తీసి చేతికుట్టు వేసితిని. గుడ్డ కోయవలదని ఆమె ముందే చెప్పినది. మడత లోపలనే యున్నది.